పద్ధతిగా మానేసినవాళ్లను పద్ధతిగా పంపండి: హైదరాబాద్ హెచ్‌ఆర్ విభాగాలకు, పేరోల్ ఏజెన్సీలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని కంపెనీల హెచ్‌ఆర్ అధికారులకు, ఆ కంపెనీలకు మనుషుల్ని సమకూర్చే పేరోల్ ఏజెన్సీల నిర్వాహకులకు,

నమస్కారం.

మీలో చాలామంది నాలాగే ఏదో ఊరి నుంచి వచ్చి, అమీర్‌పేటలోనో ఎస్.ఆర్.నగర్‌లోనో హాస్టల్లో ఉండి, ఒక్క ఆఫర్ లెటర్ కోసం నెలల తరబడి తిరిగినవాళ్లే. కాబట్టి నేను చెప్పబోయేది మీకు కొత్త కాదు. రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం పద్ధతిగా మానేశామని సంస్థ ఇచ్చే కాగితం), ఆఖరి జీతం కోసం ఏడు మెయిళ్లు రాసినా జవాబు రాకపోవడంతో, నా ఒక్కదాని సంగతిగా మిగలకూడదని నలుగురి ముందు పెడుతున్నాను.

నేను మాదాపూర్‌లోని ఒక పెద్ద కంపెనీలో 3 సంవత్సరాల 4 నెలలు పనిచేశాను. కూర్చున్నది ఆ కంపెనీ కుర్చీలో, చేసింది ఆ కంపెనీ పని, జీతం వేసింది మాత్రం ఒక ఏజెన్సీ. మా టీమ్‌లో పదకొండు మంది ఉంటే నలుగురం ఏజెన్సీ మనుషులం. మా ఐడీ కార్డు తాడు రంగు వేరు. లిఫ్టులో ఎక్కగానే ఎవరు పర్మనెంటో ఎవరు కాంట్రాక్టో ఆ తాడే చెప్పేస్తుంది. చేరేటప్పుడు ‘ఆరు నెలల్లో కన్వర్షన్ ఉంటుంది’ అన్నారు, అంటే కంపెనీ సొంత పర్మనెంట్ ఉద్యోగిగా మార్చడం. ఆరు నెలల తర్వాత ‘వచ్చే క్వార్టర్‌లో బడ్జెట్ వస్తుంది’ అన్నారు. ఆ క్వార్టర్ మూడేళ్లయినా రాలేదు. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో మా బాపు మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ ‘పర్మనెంట్ అయినట్టేనా బిడ్డా?’ అని అడుగుతూనే ఉన్నాడు.

గత డిసెంబరులో ఒక చిన్న కంపెనీ నుంచి పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. చేతికొచ్చేది నెలకు 39,000. అప్పటికి ఏజెన్సీ ద్వారా నాకు 46,000 వస్తోంది. నెలకు 7,000 తక్కువకు ఎందుకు వెళ్తున్నావని అందరూ అడిగారు. నిజాంపేటలో మా గదిలో ఒక రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఈ లెక్క మీ ముందు కూడా పెట్టాలి. ఎందుకంటే చేరేరోజు మీరు చెప్పే ‘టేక్ హోమ్’ అంకెలో ఇదెక్కడా ఉండదు.

కొత్త ఉద్యోగంలో బేసిక్ 20,000. పీఎఫ్ దాని మీద 12 శాతం, అంటే నా వైపు 2,400, కంపెనీ వైపు 2,400. ఏజెన్సీ మాత్రం పీఎఫ్ లెక్కకు పెట్టిన 15,000 జీత పరిమితి మీదే 1,800 చొప్పున కట్టేది. రెండు వైపులా కలిపి నెలకు 1,200 తేడా. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు కనుక 20,000 బేసిక్‌కు ఏడాదికి 11,538, నెలకు 962. ఇది ఐదేళ్లు ఉంటేనే చేతికొస్తుందని నాకు తెలుసు, ఉండాలనే వెళ్తున్నాను. అమ్మకు, బాపుకు నేను సొంతంగా కడుతున్న ఆరోగ్య బీమా ఏడాదికి 38,000. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులూ ఉన్నారు, నెలకు 3,167 మిగులు. క్లయింట్ ఆఫీసు, అంటే మేం కూర్చుని పనిచేసే కంపెనీ ఆఫీసు, మూసిన రోజుల్లో మాకు జీతం ఉండదు. నిరుడు అలా 9 రోజులు పోయాయి, 13,800 రూపాయలు, నెలకు సగటున 1,150. అన్నీ కూడితే 6,479. ఏడు వేలనుకున్న తేడా చివరికి 521 రూపాయలైంది.

అయితే కాంట్రాక్టు ఉద్యోగం చేయడం ఎవరికీ మంచిది కాదని నేను అనడం లేదు. పిల్లలు పుట్టాక నాలుగేళ్ల విరామం తీసుకుని తిరిగి వచ్చిన మా టీమ్ అక్కకు అది మళ్లీ లోపలికి రావడానికి దారి అయింది. పై చదువులకు వెళ్లేముందు ఏడాదిన్నర డబ్బు కూడబెట్టుకోవాలనుకునే కుర్రాడికి పర్మనెంట్ కంటే అదే మేలు. నాకూ మొదటి రెండేళ్లు మేలే చేసింది, పెద్ద కంపెనీ పని నేర్పింది. ఎంత కాలం, ఎంత డబ్బు, ఏ రక్షణ లేదు అన్నది ముందే తెలిసి ఒప్పుకున్నవాళ్లకు కాంట్రాక్టు వల్ల బాధ లేదు. ఆశ చూపించి ఏళ్ల తరబడి కూర్చోబెట్టిన మాలాంటివాళ్లకే బాధ.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి, జనవరి 19 సోమవారం ఉదయం పేపర్లు పెట్టాను. మెయిల్ పంపేముందు మా టీమ్ లీడ్‌ని క్యాంటీన్‌కు పిలిచి ముఖాముఖి చెప్పాను, ఆయన ఇంకొకరి నోట వినకూడదని. మెయిల్‌లో నాలుగే వాక్యాలు: రాజీనామా చేస్తున్నాను, ఒప్పందం ప్రకారం 60 రోజుల నోటీసు ఇస్తున్నాను, ఆఖరి పనిదినం మార్చి 20, ఇక్కడ నేర్చుకున్నదానికి కృతజ్ఞతలు. ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు. కన్వర్షన్ ఊసు కూడా ఎత్తలేదు. పర్మనెంట్ చేస్తాం, ఇంకో రెండు నెలలు ఆగమన్నారు. కాగితం మీద ఇస్తారా అని అడిగాను, ఇవ్వలేదు. నోటీసు ఇచ్చిన రెండు నెలల్లో ఒక్క సెలవు పెట్టలేదు. నేను చేసే పని అంతా 42 పేజీల పత్రంగా రాసిచ్చాను. నా స్థానంలో వచ్చే మనిషిని ఏజెన్సీ చూడకపోతే, పక్క సీటు అబ్బాయికే రోజూ సాయంత్రం గంట సేపు నేర్పాను. ఉగాది మర్నాడు, మార్చి 20న ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించి రసీదు తీసుకున్నాను. టీమ్‌కు స్వీట్లు పంచాను. ఇది చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట: రసీదు లేకుండా ఏ వస్తువూ అప్పగించొద్దు, రాజీనామా మెయిల్‌ను అదే రోజు సొంత ఐడీకి కాపీ పెట్టుకోండి. ఆఖరి రోజు తర్వాత ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

రిలీవింగ్ లెటర్ మాత్రం రాలేదు. కొత్త చోట మార్చి 30న చేరాలి. క్లయింట్‌కు నా బదులు మనిషి దొరకలేదు కనుక నా ‘క్లియరెన్స్’ ఆగిందని ఏజెన్సీలో ఒకరు ఫోన్‌లో చెప్పారు, మెయిల్‌లో రాయమంటే రాయలేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు, అంటే కొత్త కంపెనీ తరఫున నా పాత ఉద్యోగం వివరాలు సరిచూసేవాళ్లు, అడిగితే ‘డ్యూస్ పెండింగ్’ (బాకీ ఉంది) అని ఏజెన్సీ జవాబిచ్చింది. నాకు రావలసిన డబ్బే వాళ్ల దగ్గరుంది, నేను కట్టాల్సింది రూపాయి లేదు. కొత్త కంపెనీ వాళ్లు మంచివాళ్లు కనుక ఆగారు. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ చూసి మే 4న చేర్చుకున్నారు. 35 రోజులు జీతం లేకుండా గదిలో కూర్చున్నాను. అద్దె, హాస్టల్లో ఉన్న మా తమ్ముడి ఫీజు అప్పు తెచ్చి కట్టాను. మార్చి జీతం, మిగిలిన సెలవుల డబ్బు ఇప్పటికీ రాలేదు.

ప్రభుత్వ శాఖల్లో పనిచేసే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ల కష్టాలు పత్రికల్లో వస్తాయి, వాళ్లకు సంఘాలున్నాయి, ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ ఉంది. ఒకే పనికి ఒకే జీతం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా పంజాబ్ ప్రభుత్వ ఉద్యోగుల కేసులోనే. గ్లాసు భవనాల్లో ఏసీ కింద కూర్చునే మాకు కష్టం ఉంటుందని బయటివాళ్లు అనుకోరు. మా గోడు వినాల్సింది, వినగలిగింది మీరే. అందుకే కింది విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. చేరేరోజే నిజం చెప్పండి. ఉద్యోగం ఎవరి పేరోల్ మీద, ఎన్ని నెలలు, సెలవులెన్ని, గ్రాట్యుటీ ఉందా, బీమా ఎంత, క్లయింట్ వద్దంటే ఏమవుతుంది అన్నవి ఆఫర్ లెటర్ మొదటి పేజీలో తెలుగులోనూ ఇవ్వండి. కన్వర్షన్ ఇచ్చే ఉద్దేశం ఉంటే తేదీ, షరతులు రాయండి. లేకపోతే ఆ మాట ఎత్తకండి. ఆ ఒక్క మాట నమ్మి పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లను, వచ్చిన పర్మనెంట్ ఉద్యోగం వదులుకున్నవాళ్లను నేను చూశాను. ఇంటి లోను కోసం వెళ్తే బ్యాంకులో మొదటి ప్రశ్న ‘పర్మనెంటా, కాంట్రాక్టా?’ సంబంధం చూడటానికి వచ్చినవాళ్ల మొదటి ప్రశ్న కూడా అదే. జవాబు చెప్పలేక తల దించుకునేది మేము, మా అమ్మానాన్నలు.

2. నోటీసు ఇరువైపులా ఒకటే ఉండాలి. నా ఒప్పందంలో నేను మానేయాలంటే 60 రోజులు, వాళ్లు తీసేయాలంటే 15 రోజులు. రాష్ట్రంలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఆరు నెలలు నిండిన ఉద్యోగిని తొలగించాలంటే సరైన కారణం, నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం ఉండాలంటోంది. చట్టం ఇచ్చిన నెల కంటే తక్కువ మీ ఒప్పందంలో ఎలా రాస్తున్నారు? శుక్రవారం సాయంత్రం ‘ప్రాజెక్ట్ అయిపోయింది, సోమవారం నుంచి రావొద్దు’ అని ఫోన్ అందుకున్న మనిషికి ఆ నెల అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

3. రిలీవింగ్ లెటర్ ఆఖరి పనిదినం సాయంత్రానికే చేతికివ్వండి. నా ప్రధాన డిమాండ్ ఇదే. మీరు ఆపేది ఒక కాగితం అనుకుంటున్నారు. దాని వెనక కొత్త ఉద్యోగం ఆగుతుంది, దాని వెనక జీతం, దాని వెనక ఇల్లు. నోటీసు పూర్తి చేసి, వస్తువులు అప్పగించి, రసీదు తీసుకున్న ఉద్యోగికి ఆ లెటర్ ఇవ్వడం దయ కాదు, ఆమె పని చేశారన్న వాస్తవాన్ని ఒప్పుకోవడం. కొత్త మనిషి దొరకలేదన్నది మీకూ క్లయింట్‌కూ మధ్య వ్యవహారం, దానికి వెళ్లిపోయే ఉద్యోగిని పూచీ పెట్టకండి. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 56వ సెక్షన్ కాంట్రాక్టు కార్మికులు అడిగితే చేసిన పని వివరాలతో అనుభవ ధ్రువపత్రం కాంట్రాక్టరు ఇవ్వాల్సిందే అంటోంది. ఇదీ, వేతనాల కోడూ సహా నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇకనైనా ఈ కాగితాన్ని పగ్గంలా వాడటం ఆపండి.

ఇందులో క్లయింట్ కంపెనీలకూ బాధ్యత ఉంది. ‘మీరు మా ఉద్యోగులు కాదు, ఏజెన్సీని అడగండి’ అని చేతులు దులుపుకుంటే సరిపోదు. మూడేళ్లు మా రోజువారీ పని చూసింది, సెలవు ఇచ్చింది, తప్పు చేస్తే మందలించింది మీరే. ఏజెన్సీతో మీరు రాసుకునే ఒప్పందంలో ‘రిలీవింగ్ లెటర్ ఆఖరి రోజే ఇవ్వాలి, లేకుంటే బిల్లు ఆగుతుంది’ అని ఒక్క వాక్యం చేర్చండి. మర్నాటి నుంచే పద్ధతి మారుతుంది.

4. ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు, అంటే మానేసినప్పుడు లెక్క తేల్చి ఇవ్వాల్సిన బకాయి, వెంటనే ఇవ్వండి. ‘45 రోజుల్లో ప్రాసెస్ అవుతుంది’ అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. వేతనాల కోడ్ 17వ సెక్షన్ రాజీనామా చేసినవాళ్లకు కూడా జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలంటోంది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న కంపెనీయే ఇచ్చి, కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం, కొత్త కోడ్‌లోనూ ఉంది. పీఎఫ్‌లో ఆఖరి తేదీ కూడా అదే వారంలో నమోదు చేయండి. మీరు చేయకపోతే ఉద్యోగి తానే చేసుకునే వీలుంది, కానీ దానికి రెండు నెలలు ఆగాలి.

5. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవడం ఆపండి. ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి పదో తరగతి మెమో నుంచి బీటెక్ పట్టా దాకా ఒక సంస్థ బీరువాలో రెండేళ్లు ఉన్నాయి. ఇంట్లో నాన్నకు ఒంట్లో బాగాలేక మానేయాలనుకుంటే, రెండు లక్షలు కడితేనే ఇస్తామన్నారు. ఆ అమ్మాయి జీతం అప్పుడు 18,000. ఆమె కోర్టుకు వెళ్లలేదు, వెళ్లే స్థితిలో లేదని వాళ్లకూ తెలుసు.

ఇంతకాలం పనిచేయకుండా మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే బాండ్లన్నీ చెల్లవని నేను అనను. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అక్కడ చూసింది బహిరంగ ప్రకటన, పరీక్షలు, మళ్లీ నియామకానికి అయ్యే ఖర్చు. రెండు రోజుల ‘ఇండక్షన్’ ఇచ్చి రెండు లక్షలు అడగడానికి అది తోడు రాదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా న్యాయమైన పరిహారం వరకే అంటుంది, 27వ సెక్షన్ వృత్తి చేసుకోనివ్వకుండా కట్టేసే ఒప్పందం చెల్లదంటుంది. బాండు ఉంటే శిక్షణకు మీరు నిజంగా పెట్టిన ఖర్చు అందులో రాయండి, పనిచేసిన ప్రతి నెలకూ అది తగ్గేలా చూడండి. సర్టిఫికెట్లు మాత్రం ఒక్క రోజు కూడా మీ దగ్గర ఉంచుకోవద్దు.

6. ఆడవాళ్ల ఒప్పందాలు గర్భం సంగతి తెలియగానే ‘రెన్యూ’ కాకుండా పోతున్నాయి. మా ఫ్లోర్‌లోనే ఇద్దరిని చూశాను. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు చట్టమే ఇచ్చింది. ఐదో నెలలో మూడు గంటలు ప్రయాణం చేసి, వదులు కుర్తాలు వేసుకుని పొట్ట కనబడకుండా దాచుకునే పరిస్థితి మీ ఆఫీసుల్లో ఉందని మీకు తెలుసా? హెచ్‌ఆర్‌లోనూ ఆడవాళ్లున్నారు. ఈ ఒక్క విషయంలోనైనా మీ మేనేజర్లతో మా తరఫున మాట్లాడండి.

7. వెరిఫికేషన్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక ఫోన్ కాల్‌లో మీరు వాడే ‘అబ్‌స్కాండింగ్’ (చెప్పకుండా మానేసి పోయారు), ‘డ్యూస్ పెండింగ్’ అన్న మాటలు మా వెంట ఏళ్ల తరబడి వస్తాయి. ఏ రిమార్కు రాసినా ఆ ఉద్యోగికి ముందు తెలియజేసి, వారం రోజులు జవాబుకు అవకాశం ఇవ్వండి. తప్పని తేలితే సరిచేసి, సరిచేశామని రాతపూర్వకంగా ఇవ్వండి.

ఈ లేఖలో నా పేరు రాయలేదు, మీ పేరూ రాయలేదు. నా తర్వాతి వెరిఫికేషన్ కాల్ కూడా మీ డెస్కుకే వస్తుంది కనుక ఆ భయం నాకు ఇంకా ఉంది. అయినా నేను పనిచేసిన సంస్థలోని వాళ్లు మొదటి పేరా చదివినప్పుడే నన్ను గుర్తుపట్టి ఉంటారు. వాళ్లకు విడిగా చెప్పేది ఇది. నా రిలీవింగ్ లెటర్ మార్చి 20 తేదీతో కావాలి. మార్చి జీతం, సెలవుల డబ్బు కావాలి. వెరిఫికేషన్ వాళ్లకు ఇచ్చిన జవాబు సరిచేసినట్టు ఒక మెయిల్ కావాలి. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఏడు మెయిళ్ల ప్రతులు, ల్యాప్‌టాప్ రసీదు పట్టుకుని కార్మిక శాఖలో ఫిర్యాదు ఇస్తాను. నాతోపాటు ఆ ఫ్లోర్‌లో పనిచేసి మానేసిన మరో ముగ్గురు తమ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు.

ఇట్లు,
3 సంవత్సరాల 4 నెలలు పనిచేసి, 60 రోజుల నోటీసు పూర్తి చేసి వెళ్లిన ఒక ఉద్యోగిని
నిజాంపేట, హైదరాబాద్